పిక్క నుంచి ఊపిరితిత్తికి

(తమిళనాడులోని సత్రపట్టిలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసం ఏ తల్లి జ్ఞాపకార్థం ఏర్పాటు చేశారో ఆమె పేరు నేను పలకడం లేదు. పిల్లలు అలా కోరారు. “పేరు వద్దు డాక్టరుగారూ, అమ్మ ఎందుకు పోయిందో పదిమందికీ తెలిస్తే చాలు” అన్నాడు పెద్దబ్బాయి. ఈ ఊళ్లో చాలామందికి ఆమె తెలుసు. నలభై ఏళ్లు బ్యాండేజీ గుడ్డ మడతలు పెట్టిన చేతులు ఆమెవి. వానలో వాకిట్లో జారిపడింది, తుంటి ఎముక విరిగింది, ఆపరేషను బాగా జరిగింది. తొమ్మిదో రోజు పొద్దున్నే మంచం దిగి, కోడలి భుజం పట్టుకుని నాలుగడుగులు వేసి, “ఊపిరాడట్లేదే” అంటూ కూలబడింది. మళ్లీ లేవలేదు. కాగితం మీద గుండెపోటు అని రాశారు.

ఆమె కేసు కాగితాలన్నీ నేను చూశాను. గుండెపోటు కాదని ఈ రోజు నిరూపించలేను. కానీ ఆపరేషనయిన తొమ్మిదో రోజు, మొదటిసారి లేచి నడిచినప్పుడు, ఉన్నట్టుండి ఆయాసం వచ్చి ప్రాణం పోయిందంటే ఏ వైద్యుడి మనసులోనైనా ముందు మెదలాల్సింది మరో జబ్బు: కాలి సిరలో కట్టిన నెత్తురు గడ్డ ఊడి, ఊపిరితిత్తుల ధమనిలోకి వెళ్లి అడ్డుపడటం. ముప్పయ్యేళ్లుగా సి.టి. స్కాన్లు చదవడమే నా వృత్తి. అందుకే ఈ జబ్బును పట్టుకోవడంలో ఆ స్కాను ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్న సంగతి మాట్లాడటానికి ఒప్పుకున్నాను.

గడ్డ సంగతి ఈ ఊరివాళ్లకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. సత్రపట్టి అనగానే ఆసుపత్రులకు సరుకు పంపేవాళ్లకు గుర్తొచ్చేది గాజ్ గుడ్డ. పడుగూ పేకా దూరదూరంగా పడే పల్చటి నేత, చలవ చేస్తే తడిని ఇట్టే పీల్చుకునే గుడ్డ. గాయం మీద దాన్ని పెట్టి అదిమితే నెత్తురు ఆ దారాల మధ్య చిక్కుకుని గడ్డకడుతుంది. గడ్డలోనూ ఒక నేత ఉంటుంది. ఫైబ్రిన్ అనే సన్నటి పోగులు అల్లుకుని వల అవుతాయి, ఎర్రకణాలు ఆ వలలో బందీ అవుతాయి. మైక్రోస్కోపులో మొదటిసారి ఆ అల్లిక చూసినప్పుడు నాకు మా ఊరి మగ్గాలే గుర్తొచ్చాయి. ఈ పోలిక గుర్తుంచుకోండి, ఇంకాసేపట్లో మళ్లీ పనికొస్తుంది.

గాయం మీద ఆ వల ప్రాణరక్ష. గాయమే లేని చోట, పిక్క లోతుల్లోని సిరలో అదే వల అల్లుకుంటే ఆపద. 19వ శతాబ్దం నడిమికాలంలో బెర్లిన్‌లో రుడాల్ఫ్ విర్కో అనే వైద్యుడు శవపరీక్షలు చేస్తూ, ఊపిరితిత్తుల్లో కనిపించే గడ్డలు అక్కడ పుట్టినవి కావనీ, కాలి సిరల్లో కట్టి ఊడి కొట్టుకొచ్చినవనీ చూపించాడు. గడ్డకట్టడానికి మూడు కారణాలని ఆయన పేరుతో తర్వాతివాళ్లు చెప్పుకున్నారు. నెత్తురు పారకుండా నిలవడం, నాళం గోడ దెబ్బతినడం, నెత్తురికే గడ్డకట్టే గుణం పెరగడం. తుంటి విరిగి ఆపరేషనయి మంచం పట్టిన మనిషిలో మూడూ ఒక్కసారే ఉంటాయి. బాలింతలో ఉంటాయి. క్యాన్సర్ రోగిలో ఉంటాయి. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి ఇరవై గంటలకు పైగా విమానాల్లో కాళ్లు ముడుచుకు కూర్చుని వెళ్లే మన అమ్మానాన్నల్లోనూ కొంత ఉంటాయి.

పిక్కలో కట్టిన గడ్డ తొడ దాకా పెరుగుతుంది. ఒకరోజు ముక్క ఊడుతుంది. పొత్తికడుపు దాటి, పెద్ద సిరలో పైకి వచ్చి, గుండె కుడి గదుల్లో ఓసారి తిరిగి, అక్కణ్నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే ధమనిలో పడుతుంది. అక్కడిదాకా దారి విశాలమే. ధమని చీలుతూ చీలుతూ సన్నబడుతుంది కదా, ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటుంది. చిన్నదైతే ఛాతీలో పొడిచినట్టు నొప్పి, కాస్త ఆయాసం, ఒక్కోసారి దగ్గులో నెత్తుటి చార. పెద్దదైతే కుడి గుండె ఆ అడ్డును నెట్టలేక ఉబ్బి చతికిలబడుతుంది. మనిషి నిమిషాల్లో పోవచ్చు.

బయటినుంచి చూస్తే ఈ జబ్బుకు తనదంటూ ఒక ముఖం లేదు. ఆయాసం ఉబ్బసంలోనూ ఉంది, న్యుమోనియాలోనూ ఉంది, గుండె బలహీనతలోనూ ఉంది, భయంలోనూ ఉంది. ఛాతీ ఎక్స్‌రే తరచుగా శుభ్రంగానే ఉంటుంది. ఇంత ఆయాసపడే మనిషి ఎక్స్‌రే ఇంత శుభ్రంగా ఎందుకుందన్న ఆశ్చర్యమే కొన్నిసార్లు మొదటి ఆధారం. ఇ.సి.జి.లో నాడి వేగం తప్ప మరేదీ కనపడకపోవచ్చు. పైగా మేం చదువుకునే రోజుల్లో, మనవాళ్లకు కాలి సిరల్లో గడ్డలు అరుదు, అది తెల్లవాళ్ల జబ్బు అనే నమ్మకం ఒకటి వార్డుల్లో తిరుగుతుండేది. కానీ చండీగఢ్ పి.జి.ఐ. ఆసుపత్రిలో మెడికల్ వార్డుల రోగులకు జరిగిన వెయ్యి శవపరీక్షలను పరిశీలిస్తే దాదాపు 16 శాతం మందిలో ఊపిరితిత్తుల్లో గడ్డ కనిపించింది. మన దగ్గర తక్కువగా ఉన్నది జబ్బు కాదు, దాన్ని వెతకడం.

వెతకడానికి పనిముట్టు ఏదీ లేని కాలంలో కూడా వైద్యులు చేతులు కట్టుకు కూర్చోలేదు. 1960లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో బారిట్, జోర్డన్ అనే ఇద్దరు డాక్టర్లు, కేవలం లక్షణాలు చూసి ఈ జబ్బేనని తేల్చిన రోగుల్లో కొందరికి గడ్డ పెరగకుండా ఆపే హెపారిన్ మందు ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. మందు లేని 19 మందిలో ఐదుగురు ఈ గడ్డతోనే చనిపోయారు. మందు ఇచ్చిన 16 మందిలో దీనివల్ల ఒక్కరూ పోలేదు. అంత చిన్న పరీక్షే ఇప్పటికీ ఈ వైద్యానికి పునాది. ఒక్క మాట మనసులో పెట్టుకోండి: ఆ ప్రాణాలు స్కాను లేకుండానే నిలిచాయి, అనుమానం వల్ల నిలిచాయి.

తర్వాత కాలంలో గొట్టాన్ని కుడి గుండె గుండా ధమనిలోకి పంపి, రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీసేవారు. ఫలితం కచ్చితమే, కానీ ఆ పరీక్షతోనే సుమారు రెండువందల మందిలో ఒకరు చనిపోయినట్టు అమెరికాలో లెక్కతేలింది. రేడియోధార్మిక పదార్థంతో చేసే ఊపిరితిత్తుల స్కాను మరో దారి. 1990లో వచ్చిన పియోపెడ్ అధ్యయనం దాని బలహీనత బయటపెట్టింది. గడ్డ ఉన్నవాళ్లలో ఆ స్కాను గట్టిగా “ఉంది” అని చెప్పగలిగింది 41 శాతం మందికే. మిగతావాళ్లలో చాలామంది కాగితం మీద “కావచ్చు, కాకపోవచ్చు” అని ఉండేది. ఆ కాగితం పట్టుకుని వైద్యుడు ఏం చేయాలి?

ఇక నా పనిముట్టు దగ్గరికి వస్తాను.

1971 అక్టోబర్ 1న లండన్ వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో ఒక స్త్రీ తలను గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ కట్టిన యంత్రం పొరలుపొరలుగా చూసింది. మనిషికి తీసిన మొదటి సి.టి. స్కాను అదే. ఒక్కో పొరకు నాలుగైదు నిమిషాలు పట్టేది. 1979లో హౌన్స్‌ఫీల్డ్‌కూ, గణితం వైపునుంచి అదే దారిలో నడిచిన అలన్ కార్మాక్‌కూ నోబెల్ ఇచ్చారు. శరీరంలోని ప్రతి చుక్కకూ ఈ యంత్రం ఒక అంకె ఇస్తుంది. ఆ అంకెలకు హౌన్స్‌ఫీల్డ్ పేరే పెట్టారు. నీళ్లకు సున్నా. గాలికి మైనస్ 1000. పారే నెత్తురికి దాదాపు 40. గడ్డకట్టిన నెత్తురికి? అదీ ఆ చుట్టుపక్కలే, కాస్త అటూ ఇటూ.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి, ఎందుకంటే ఈ సంగతి తెలియకే చాలా పొరపాట్లు జరుగుతున్నాయి. నెత్తురూ గడ్డా అంకెల్లో ఇంత దగ్గరగా ఉన్నప్పుడు, మామూలు స్కానులో గడ్డ నెత్తురులో కలిసిపోతుంది. బూడిద రంగులో బూడిద రంగు. దాన్ని విడదీయాలంటే నెత్తురును తెల్లబరచాలి. అందుకే మోచేతి మడత దగ్గర సిరలో లావుపాటి క్యానులా పెట్టి, అయోడిన్ ఉన్న కాంట్రాస్ట్ మందును యంత్రంతోనే సెకనుకు నాలుగైదు మిల్లీలీటర్ల వేగంతో ఎక్కిస్తాం. టెక్నీషియన్ ఊపిరితిత్తుల పెద్ద ధమని మీద కాపలా పెడతాడు. మందు అక్కడికి చేరి నాళం తెల్లబడగానే బల్ల కదులుతుంది. కొన్ని సెకన్లలో మొత్తం ఛాతీ అయిపోతుంది. తెల్లటి నాళంలో నల్లటి ఖాళీ ఎక్కడ కనిపిస్తే అక్కడ గడ్డ. అడ్డంగా కోసినట్టు కనిపించే నాళంలోనైతే తెల్లటి వలయం మధ్య నల్లటి చుక్క. పోలో మింట్ బిళ్లలా ఉంటుందని మా పుస్తకాల్లోనే రాసుకున్నాం.

మందు ఎక్కేటప్పుడు ఒళ్లంతా వేడెక్కుతుంది, మూత్రం పోయినట్టు అనిపిస్తుంది. ముందే చెప్పకపోతే రోగి బెదిరి కదులుతాడు, బొమ్మ చెడుతుంది. ఊపిరి సంగతి ఇంకా సున్నితం. రోగి ఒక్కసారిగా గుండెల నిండా పీలిస్తే, కింది పెద్ద సిరలోంచి మందు కలవని నెత్తురు పొంగుకొచ్చి ధమనిలోని తెలుపును పలచన చేస్తుంది. గడ్డ లేని చోట గడ్డలా కనిపించవచ్చు. అందుకే మామూలుగా పీల్చి బిగబట్టమని చెప్పాలి. యంత్రం లోపలి గొంతు ఇంగ్లీషులో చెబుతుంది, మా కుర్రవాళ్లు తమిళంలో చెబుతారు. రాజపాళయం వైపునుంచి తెలుగు మాట్లాడే మన పెద్దామెలు వచ్చినప్పుడు నేనే వెళ్లి “అమ్మా, మామూలుగా ఊపిరి తీసి అట్లనే బిగబట్టండి” అంటాను. ఇంట్లో మాట్లాడే మాట చెవిన పడగానే ఆ ముఖాల్లో భయం తగ్గుతుంది. బొమ్మలూ బాగా వస్తాయి. ఇది సెంటిమెంటు కాదు, నేను రోజూ చూసే సాంకేతిక విషయం.

యంత్రం ఆగి ఆగి పొర తీసే రోజుల్లో ఇదంతా అసాధ్యం. ఎక్స్‌రే గొట్టం ఆగకుండా తిరుగుతూ, బల్ల ఆగకుండా కదులుతూ తీసే స్పైరల్ పద్ధతి 1989 ప్రాంతంలో వచ్చింది. 1992లో ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో మార్టీన్ రెమీ-జార్డాన్, ఆమె సహచరులు 42 మంది రోగుల్లో ఆ స్కానును పాత గొట్టం పరీక్షతో పోల్చి, పెద్ద నాళాల్లోని గడ్డలను ఒక్క ఊపిరి బిగబట్టే లోపల చూడవచ్చని చూపించారు. పదిహేనేళ్లు తిరక్కుండానే ప్రపంచమంతా ఈ దారికే వచ్చింది. గడ్డ లేకపోతే మరి ఆయాసం ఎందుకో కూడా అదే స్కాను చాలాసార్లు చెబుతుంది. న్యుమోనియా, నీరు, కణితి, చీలిన బృహద్ధమని, మన దేశంలో ఎప్పుడూ మరవకూడని క్షయ కూడా అందులో కనిపించవచ్చు. గడ్డ ఉంటే కుడి గుండె ఎంత ఉబ్బిందో ఆ బొమ్మల్లోనే కొలవవచ్చు. ఇన్ని సంగతులు ఒకేచోట చెప్పే పరీక్ష ఈ జబ్బుకు మరొకటి లేదు. నా వృత్తి కాబట్టి ఇలా అనడం లేదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

చాలా ఏళ్ల కిందట, నేను పని చేసిన ఒక ఆసుపత్రిలో, ప్రసవమైన పన్నెండో రోజున ఒక అమ్మాయిని స్కానుకు పంపారు. చీటీ మీద “ఆయాసం, ఛాతీ సి.టి.” అని మాత్రమే ఉంది. మామూలు స్కాను తీశాం. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. నార్మల్ అని రాసి సంతకం పెట్టాను. ఆ రాసిన మాటలో అబద్ధం లేదు. తీసిన స్కానులో గడ్డ కనపడే అవకాశమే లేదు, నేను అది చెప్పలేదు. లేచి వెళ్లి ఆ అమ్మాయి ముఖం చూడలేదు. బాలింత అని తెలుసుకోలేదు, ఎడమ కాలు వాచిందని తెలుసుకోలేదు. నా రిపోర్టు చూసి వార్డులో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రెండోరోజు రాత్రి ఆమె చనిపోయింది. అప్పటినుంచి కారణం రాయని చీటీ వస్తే నేను స్కాను మొదలుపెట్టను. లేచి వెళ్లి అడుగుతాను. ఆ అమ్మాయి నాకు నేర్పిన పాఠమే ఈ రోజు నా ఉపన్యాసం.

కరోనా కాలంలో ఇదే పొరపాటు ఇంటింటికీ వచ్చింది. 2020, 2021లో హెచ్.ఆర్.సి.టి., డి-డైమర్ అన్న మాటలు మన టీ కొట్ల దాకా వెళ్లాయి. హెచ్.ఆర్.సి.టి. అంటే కాంట్రాస్ట్ లేని స్కాను. అది ఊపిరితిత్తి కణజాలాన్ని అద్భుతంగా చూపిస్తుంది, నాళంలోని గడ్డను చూపించదు. కరోనా గడ్డలు కట్టించే జబ్బని అందరికీ తెలిసింది, కానీ “నిన్ననే స్కాను తీయించాం డాక్టరుగారూ, గడ్డల్లేవు” అంటూ హెచ్.ఆర్.సి.టి. ఫిల్ము పట్టుకొచ్చినవాళ్లను నేను లెక్కపెట్టలేదు. ఇది రోగుల తప్పు కాదు. ఏ స్కాను దేనికో మేం వాళ్లకు చెప్పలేదు.

డి-డైమర్ సంగతి చెప్పడానికి మీ గాజ్ గుడ్డ పోలిక మళ్లీ కావాలి. శరీరం తాను అల్లిన ఫైబ్రిన్ వలను తానే తెంపుకుంటుంది. అలా తెంపినప్పుడు రాలే పీలికలే డి-డైమర్. పీలికలు లేవంటే ఎక్కడా పెద్ద వల లేదనే లెక్క. పీలికలు ఉన్నంత మాత్రాన వల ఊపిరితిత్తిలోనే ఉందనుకోలేం. ఆపరేషను గాయంలో, గర్భంలో, జ్వరంలో, క్యాన్సర్‌లో, ఊరికే వయసు పైబడటంలోనూ పీలికలు రాలతాయి. కాబట్టి ఆ పరీక్ష విలువ అది తక్కువగా వచ్చినప్పుడే, అదీ అనుమానం బలంగా లేని మనిషిలోనే. మిల్లీలీటరుకు 500 నానోగ్రాములు అన్నది మామూలు గీత. యాభై దాటినవాళ్లకు వయసును పదితో హెచ్చవేసి గీత గీయవచ్చని 2014లో ఒక పెద్ద యూరప్ అధ్యయనం చూపించింది. డెబ్భై ఏళ్లయితే 700. ల్యాబు ఏ యూనిట్లలో ఇచ్చిందో కూడా చూడాలి. ఒక రకం యూనిట్లలో గీత దాదాపు సగానికి దిగుతుంది. ఈ చిన్న తేడా చూడకే కొందరిని అనవసరంగా భయపెట్టి స్కానుకు పంపుతున్నారు.

ఇక అనుమానం ఎంత బలమైనదో ఎలా కొలవాలి? కెనడాలో ఫిలిప్ వెల్స్ బృందం 2000 నాటికి ఒక లెక్క తయారుచేసింది. అందులో యంత్రం ఏదీ లేదు. కాలు వాచి, లోతైన సిర మీద నొక్కితే నొప్పిగా ఉంటే మూడు. ఈ ఆయాసానికి ఇంతకంటే నమ్మదగిన మరో కారణం కనపడకపోతే మూడు. నాడి వంద దాటితే ఒకటిన్నర. నాలుగు వారాల్లో ఆపరేషను గానీ, మూడు రోజులకు తగ్గకుండా మంచం పట్టడం గానీ ఉంటే ఒకటిన్నర. ఇంతకుముందు గడ్డ వచ్చి ఉంటే ఒకటిన్నర. దగ్గులో నెత్తురు పడితే ఒకటి, క్యాన్సర్ ఉంటే ఒకటి. మొత్తం నాలుగు దాటితే అనుమానం గట్టిది, నేరుగా కాంట్రాస్ట్ స్కానుకు పంపాలి. నాలుగు గానీ అంతకు తక్కువ గానీ అయితే ముందు డి-డైమర్. అదీ తక్కువగా ఉంటే స్కాను అక్కర్లేదు. నెదర్లాండ్స్‌లో 3,306 మందితో చేసి 2006లో ప్రచురించిన క్రిస్టోఫర్ అధ్యయనం ఈ పద్ధతినే పాటించింది. స్కాను లేకుండా ఇంటికి పంపినవాళ్లలో తర్వాత మూడు నెలల్లో గడ్డ బయటపడింది 0.5 శాతం మందికి. స్కాను తీసి గడ్డ లేదని పంపినవాళ్లలో 1.3 శాతం. మొదటి గుంపు అసలే తక్కువ ప్రమాదం ఉన్నవాళ్లనుకోండి. అయినా వేలు నాడి మీద పెట్టి, టేపుతో పిక్క కొలిచి, ఒక నెత్తురు పరీక్ష చేయించి తీసుకున్న నిర్ణయం ఇంత భద్రమని ఆ అంకె చెబుతోంది.

అదే సంవత్సరం అమెరికా నుంచి పియోపెడ్-2 వచ్చింది. నా తోటి రేడియాలజిస్టులు గోడకు అతికించుకోవాల్సిన అంకెలు అందులో ఉన్నాయి. గడ్డ ఉన్న నూరుమందిలో 83 మందికి స్కాను ఉందని చెప్పింది. లేని నూరుమందిలో 96 మందికి లేదని చెప్పింది. ఇంతవరకూ బాగుంది. తర్వాతి అంకెలు చూడండి. వైద్యుడికి అనుమానం చాలా గట్టిగా ఉండి, స్కాను గడ్డ లేదంటే, నిజంగా లేనిది నూటికి 60 మందికే. వైద్యుడికి అనుమానమే పెద్దగా లేకపోయినా స్కాను ఉందంటే, నిజంగా ఉన్నది నూటికి 58 మందికే. అనుమానమూ స్కానూ ఒకే మాట చెప్పినప్పుడు మాత్రం నూటికి 96 సార్లు నిజం. ఆనాటి యంత్రాల్లో చాలావరకు నాలుగు పొరలు తీసేవి, నేటివి అంతకంటే చాలా పదును. అయినా లెక్క స్వభావం మారలేదు. స్కాను తీర్పు దాని ముందున్న అనుమానాన్ని బట్టే విలువ తెచ్చుకుంటుంది. అనుమానం గట్టిదై స్కాను గడ్డ లేదంటే అక్కడితో వదలకూడదు. కాలికి డాప్లర్ అల్ట్రాసౌండ్ తీయాలి, బొమ్మలు సరిగా వచ్చాయా అని మళ్లీ చూడాలి. అనుమానం లేని మనిషిలో ఒక మూల సన్నటి నాళంలో నల్లచుక్క కనిపిస్తే, నెలల తరబడి రక్తం పలచబరిచే మందు రాసేముందు ఇంకో అనుభవజ్ఞుడైన కన్ను ఆ బొమ్మ చూడాలి.

ఈ రెండోది ఇప్పుడు పెద్ద నగరాల జబ్బు. అమెరికాలో ఈ స్కాను విరివిగా వచ్చాక, 1998 నుంచి 2006 మధ్య, ఊపిరితిత్తుల్లో గడ్డ అని తేలినవాళ్లు లక్షకు 62 నుంచి 112కి పెరిగారు. ఆ జబ్బుతో మరణాలు మాత్రం లక్షకు 12.3 నుంచి 11.9కి వచ్చాయి, అంటే దాదాపు అక్కడే నిలిచాయి. కొత్తగా దొరికిన గడ్డల్లో చాలావాటికి ప్రాణం తీసే శక్తి లేదనీ, వాటికిచ్చిన మందువల్ల కొందరికి నెత్తురు కారిందనీ ఆ పరిశోధకుల వాదన. నేను దాంతో ఏకీభవిస్తాను. హైదరాబాదు, చెన్నై అత్యవసర విభాగాల్లో ఛాతీ నొప్పి అన్న ప్రతి యువకుడికీ ఈ స్కాను రాయడం చూస్తున్నాను. అదే సమయంలో ఇక్కడ పల్లెలో, నిజంగా అవసరమైన బాలింతకు ఎవరూ రాయడం లేదు. నన్ను కలవరపెట్టేది ఈ రెండూ ఒకే దేశంలో, ఒకే రోజున జరగడం.

రేడియేషన్ గురించి క్లుప్తంగా చెబుతాను. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టులు వస్తాయి. ఈ స్కానుతో, యంత్రాన్ని బట్టి, ఒకటి నుంచి నాలుగేళ్ల పాటు వచ్చేంత ఒక్కసారే వస్తుంది. గట్టి అనుమానం ఉన్నచోట అది ఆలోచించాల్సిన లెక్కే కాదు. కుతూహలం కొద్దీ తీయిస్తే కచ్చితంగా ఆలోచించాలి. కాంట్రాస్ట్ మందు మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్లకు, గతంలో ఆ మందు పడనివాళ్లకు ఇబ్బంది, అందుకే ముందే చెప్పాలి. గర్భిణుల విషయంలో కాలు వాచి ఉంటే ముందు డాప్లర్ తీస్తాం. కాలి సిరలో గడ్డ కనిపిస్తే వైద్యం అదే కాబట్టి ఛాతీ స్కాను అక్కర్లేదు. 2019లో ప్రచురించిన ఆర్టెమిస్ అధ్యయనంలో లక్షణాలూ డి-డైమర్ జాగ్రత్తగా చూసుకుని, మొదటి మూడు నెలల గర్భిణుల్లో 65 శాతం మందికి, చివరి మూడు నెలలవాళ్లలో 32 శాతం మందికి స్కాను లేకుండానే భద్రంగా తేల్చగలిగారు. గర్భం ఉందని స్కాను మానేయడమూ తప్పే, పరీక్షగా చూడకుండా తీసేయడమూ తప్పే.

ఇక మన ఊరు. ఇక్కడినుంచి మదురైకి ఎనభై కిలోమీటర్లకు పైనే. 2022 నుంచి విరుదునగర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. తమిళనాడు ప్రభుత్వాసుపత్రుల్లో సి.టి. యంత్రాలు తక్కువ రుసుముకే పనిచేస్తున్నాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు 2008లో ఈ రాష్ట్రానికీ వచ్చింది. ఇరవై ఏళ్ల కిందటితో పోలిస్తే ఇవి చాలా పెద్ద మాటలు. అయినా పిలుపు నుంచి స్కాను బల్ల దాకా రెండు మూడు గంటలు పడుతుంది. ఆ రెండు మూడు గంటల్లో మనిషిని కాపాడేది స్కాను కాదు. అనుమానం గట్టిగా ఉండి, నెత్తురు కారే ప్రమాదం లేకపోతే, హెపారిన్ మొదటి మోతాదు బయలుదేరకముందే ఇవ్వాలి. స్కానులో లేదని తేలితే ఆపేయవచ్చు. ఒక మోతాదు వల్ల జరిగే నష్టం, ఇవ్వక దారిలో జరిగే నష్టంతో పోలిస్తే చాలా చిన్నది. బి.పి. పడిపోతున్న మనిషిని స్కాను కోసం దూరం పంపకూడదు. దగ్గర్లో గుండెను చూసే ఎకో యంత్రం ఉంటే కుడి గుండె ఉబ్బిందా అని చూసి, గడ్డను కరిగించే ఇంజెక్షన్ అక్కడే నిర్ణయించాలి. అది గుండెపోటుకు వాడే మందుల జాతిదే, కొత్తదేమీ కాదు.

ఈ ఉపన్యాసం ఏర్పాటు చేసిన కుటుంబం నన్ను అడిగింది ఉపన్యాసం ఒక్కటే కాదు. చుట్టుపక్కల క్లినిక్కులకు ఇవ్వడానికి ఒక చీటీ తయారుచేయమన్నారు. అరపేజీ చీటీ తయారుచేశాం, తమిళంలో. కింద ఇంట్లోవాళ్ల కోసం తెలుగు మాటలు తమిళ లిపిలో రాశాం, ఎందుకంటే మన ఊళ్లలో తెలుగు మాట్లాడే చాలామందికి చదవడం తమిళంలోనే వచ్చు. చీటీలో నింపాల్సినవి ఇవి: ఆపరేషను తేదీ లేక ప్రసవం తేదీ. నాడి. ఆక్సిజన్. రెండు పిక్కల కొలత. మూత్రపిండాల జబ్బు ఉందా, లేదా. “కాంట్రాస్ట్‌తో ఊపిరితిత్తుల ధమనుల స్కాను” అన్న మాట అచ్చులోనే ఉంది, కాబట్టి ఛాతీ సి.టి. అని ఎవరూ పొరబాటున రాయరు. చివరి గడి: హెపారిన్ ఇచ్చిన సమయం. చీటీలు పంచిన రోజునే మగ్గాల దగ్గర గుడ్డ కొలిచే టేపులు కొన్ని పెద్దబ్బాయి క్లినిక్కులకు ఇచ్చి వచ్చాడు, పిక్కలు కొలవడానికి.

మొదటి చీటీ మా దగ్గరికి ఒక రాత్రి వచ్చింది. గర్భసంచి ఆపరేషనయిన పదకొండో రోజు, 46 ఏళ్ల మనిషి. నాడి 118. కుడి పిక్క 39 సెంటీమీటర్లు, ఎడమది 35. హెపారిన్ ఇచ్చిన సమయం 9.40 అని వంకర అక్షరాలతో రాసి ఉంది. మేం స్కాను తీసింది 12.15కి. రెండు వైపులా గడ్డలు ఉన్నాయి, కుడి గుండె ఇంకా ఉబ్బలేదు. ఆమెను వార్డుకు పంపాక ఆ చీటీ నేను తీసి దాచుకున్నాను.